పద్యం గణవిభజన, యతి, ప్రాస, నిర్మాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో గురువుకు 'గ', లఘువుకు 'ల' అని రాస్తున్నాం. పాఠ్యపుస్తకాల్లో గురువుకు గిన్నెలాంటి గుర్తు, లఘువుకు నిలువుగీత వేస్తారు. నోటుపుస్తకంలో మీరు అవే వేసుకోండి, చేతికి అవే తేలిక. ఉదాహరణ పద్యాలు, పాదాలు చాలావరకు ఈ పేజీ కోసం కట్టినవే. ప్రసిద్ధ పద్యాలైతే జవాబు ముందే తెలిసి ఉంటుంది, లెక్క సరిచూడకుండానే తల ఊపేస్తాం.

పద్యం చేతికి రాగానే మొదట ఏం చేయాలి?

రెండుసార్లు పైకి చదవండి, గణాల (గురులఘువుల చిన్న గుంపుల) సంగతి తర్వాత. పద్యం మాత్రల (పలికే కాలపు కొలతల) లెక్క చెవికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. చదివాక ఒక్కో పాదాన్ని ఒక్కో వరుసలో, పదాల మధ్య ఖాళీ లేకుండా రాసుకోండి. ఖాళీలు గణవిభజనకు అడ్డం, ఎందుకంటే గణం పదం మధ్యలో తెగవచ్చు, పదం రెండు గణాల్లోకి పాకవచ్చు.

పాత పుస్తకాల్లో పద్యం ముందు పొడి అక్షరాలు ఉంటాయి: ఉ. (ఉత్పలమాల), చ. (చంపకమాల), శా. (శార్దూలం), మ. (మత్తేభం), కం. (కందం), తే.గీ. (తేటగీతి), ఆ.వె. (ఆటవెలది), సీ. (సీసం). అవి ఉంటే పని సగం అయినట్టే. 'వ.' అని ఉంటే అది వచనం, గణాలు వెతకకండి.

గురువు, లఘువు గుర్తించే నియమాలు ఏమిటి?

హ్రస్వాచ్చుతో ఉన్న అక్షరం లఘువు, ఒక మాత్ర. గురువు రెండు మాత్రలు. అక్షరం గురువు అయ్యే సందర్భాలు ఇవి: దీర్ఘం ఉంటే (కా, కీ, కే, కో, కై, కౌ కూడా), నిండు సున్న ఉంటే (కం), విసర్గ ఉంటే ('దుఃఖము'లో దుః), పొల్లు హల్లు అంటుకుని ఉంటే ('నిలిచెన్'లో చెన్), వెనక ద్విత్వం గానీ సంయుక్తం గానీ వస్తే ('పల్లె'లో ప, 'సత్యము'లో స).

ఎక్కువమంది తప్పు చేసేది చివరి నియమంతోనే. ఒత్తు ఉన్న అక్షరాన్ని గురువు అనుకుంటారు. గురువయ్యేది దాని ముందున్న అక్షరం. 'పల్లె' గల, 'లగ' కాదు.

సుడి (ఋత్వం) ఒత్తు కాదు, అచ్చు గుర్తు. కాబట్టి 'సుకృతి'లో సు లఘువే. అరసున్న కూడా గురువు చేయదు. తేలికగా పలికే రేఫ (ర) ఉన్న కొన్ని తెలుగు మాటల్లో ('అద్రుచు', 'విద్రుచు' లాంటివి) ముందక్షరాన్ని లఘువుగానే వాడుకున్నారు కవులు. ఈ వెసులుబాటు తక్కువ మాటలకే. కనిపించిన ప్రతి క్రావడికీ (ర ఒత్తుకీ) దీన్ని వర్తింపజేయకండి.

పక్క పదం సంయుక్తాక్షరంతో మొదలైతే ముందు పదం చివరి అక్షరం గురువవుతుందా?

సమాసమైతే అవుతుంది, విడి పదాలైతే సాధారణంగా కాదు. 'దేవప్రసాదము' ఒకే సమాసం, అందులో వ గురువు. 'ఒక ప్రశ్న' రెండు మాటలు, క లఘువే. అనుమానం వస్తే ఆ రెండు మాటల్నీ మామూలుగా పలికి చూడండి. నాలుక మధ్యలో ఒత్తి నిలబడితే గురువు, జారిపోతే లఘువు.

మూడక్షరాల గణాలు ఎలా గుర్తుంచుకోవాలి?

'యమాతారాజభానసలగం' అని ఒక్క మాట నేర్చుకుంటే చాలు. ఏ గణం కావాలో ఆ అక్షరంతో మొదలుపెట్టి మూడక్షరాలు చూడండి. యమాతా లగగ, కాబట్టి య గణం లగగ. మాతారా గగగ, అది మ గణం. ఇలా త గగల, ర గలగ, జ లగల, భ గలల, న లలల, స లలగ. చివర మిగిలిన రెండు అక్షరాలూ 'లగ', దాన్నే వ గణం అంటారు.

ఇవి వృత్తాలకు (అన్ని పాదాల్లోనూ గురులఘువుల వరస ఒక్కటే ఉండే పద్యాలకు). దేశి పద్యాలకు సూర్య, ఇంద్ర గణాలు కావాలి. సూర్యగణాలు రెండు: లలల, గల. ఇంద్రగణాలు ఆరు: లలలల (నల), లలలగ (నగ), లలగల (సల), గలల (భ), గలగ (ర), గగల (త). కందానికి మాత్రం నాలుగు మాత్రల గణాలు: గగ, గలల, లగల, లలగ, లలలల.

ఇది ఏ పద్యమో తొందరగా తేల్చే పద్ధతి ఉందా?

ఉంది. ముందు నాలుగు పాదాల్లోనూ అక్షరాలు లెక్కపెట్టండి. అన్నింట్లో ఒకే సంఖ్య, గురులఘువుల వరస కూడా ఒక్కటే అయితే వృత్తం. 18 అయితే మత్తకోకిల అనుకోవచ్చు, 19 శార్దూలం (లఘువులతో మొదలైతే తరలం), 21 చంపకమాల. 20 వస్తే ఉత్పలమాల కావచ్చు, మత్తేభం కావచ్చు. 'గలల' అని మొదలైతే ఉత్పలమాల, 'లలగ' అని మొదలైతే మత్తేభం.

అక్షరాల సంఖ్య పాదానికో రకంగా ఉంటే మాత్రలు కూడండి. 12, 20, 12, 20 వస్తే కందం. రెండో, నాలుగో పాదాలు సరిగ్గా 15 మాత్రలై, మొదటి, మూడో పాదాలు 17 నుంచి 19 మధ్య ఉంటే ఆటవెలది. నాలుగు పాదాలూ 17 నుంచి 19 మధ్యే ఉంటే తేటగీతి. కారణం సులువు: సూర్యగణం ఏదైనా మూడు మాత్రలే, ఇంద్రగణం నాలుగో ఐదో. ఆటవెలది సరిపాదంలో (రెండో, నాలుగో పాదాల్లో) ఐదూ సూర్యగణాలే, కాబట్టి 15కి తప్ప ఇంకో అంకెకు వీల్లేదు. గణాలు విరవకుండానే ఈ రెండు గీతాల తేడా చెప్పడానికి ఇంతకంటే నమ్మకమైన లెక్క లేదు.

రెండే పాదాలు, ఒక్కోదానిలో మూడు ఇంద్రగణాలు ఒక సూర్యగణం ఉంటే ద్విపద. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, రంగనాథ రామాయణం నడిచింది ఈ ద్విపదలోనే.

ఆటవెలదిని మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒకసారి విడగొట్టి చూపిస్తారా?

చెరువు నిండ నీరు చేలలో పంటలు
పల్లె నిండ నవ్వు పసిడి వెలుగు
మట్టి నమ్ము రైతు మాటలో నిలకడ
వాన చినుకు వోలె వరము గాదె

మొదటి పాదం: చెరువు (లలల), నిండ (గల), నీరు (గల), చేలలో (గలగ), పంటలు (గలల). మూడు సూర్యులు, రెండు ఇంద్రులు.
రెండో పాదం: పల్లె, నిండ, నవ్వు (మూడూ గల), పసిడి, వెలుగు (రెండూ లలల). ఐదూ సూర్యగణాలు.
మూడో పాదం: మట్టి, నమ్ము, రైతు (గల), మాటలో (గలగ), నిలకడ (లలలల).
నాలుగో పాదం: వాన (గల), చినుకు (లలల), వోలె (గల), వరము (లలల), గాదె (గల).

యతి (పాదం మొదటి అక్షరానికి జోడు కుదరడం) నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర: చె–చే, ప–ప, మ–మా, వా–వ. ఈ పద్యంలో గణాలు పదాలతో కలిసి తెగాయి కాబట్టి విడగొట్టడం తేలికైంది. అన్ని పద్యాలూ ఇంత మర్యాదగా ఉండవు.

విడగొడుతుంటే మధ్యలో ఇరుక్కుపోతున్నాను. ఎందుకు?

ఎక్కడో ముందు తప్పు కోశారు. పై మొదటి పాదాన్నే తీసుకోండి. 'చెరువునిం' అని నాలుగక్షరాలు తీస్తే లలలగ, అది నగం, నిఖార్సైన ఇంద్రగణమే. కానీ మిగిలింది 'డనీరుచే...', అంటే లగలగ. సూర్యగణాల్లో గానీ ఇంద్రగణాల్లో గానీ 'లగ' అని మొదలయ్యేది ఒక్కటీ లేదు. కాబట్టి దారి మూసుకుపోయింది.

దీన్నే నియమంగా పెట్టుకోండి: కోత తర్వాత మిగిలినది 'లగ'తో మొదలైతే వెనక్కి వెళ్లి ఇంకోలా కోయాలి. గీత పద్యాలు, సీసం, ద్విపద అన్నింటికీ ఇది పనికొస్తుంది. కందంలో మాత్రం జగణం (లగల) ఉంది కాబట్టి అక్కడ వర్తించదు.

యతి అంటే ఆగడం కదా? మరి పద్యం అక్కడ ఆగడం లేదేమిటి?

సంస్కృతంలో యతి అంటే విరామం, పదం అక్కడ తెగాలి. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి. పాదం మొదటి అక్షరానికి (వళి అన్నా ఇదే) యతిస్థానంలోని అక్షరం జోడు కుదరాలి. అక్కడ పదం తెగనక్కర్లేదు, గొంతు ఆపనక్కర్లేదు. సంస్కృత శ్లోకాలు చదివి వచ్చినవాళ్లు తెలుగు పద్యాన్ని యతి దగ్గర విరిచి చదవడం, దానివల్ల అర్థం ముక్కలవడం తరచుగా వినిపిస్తుంది.

యతిస్థానాలు: ఉత్పలమాల 10వ అక్షరం, చంపకమాల 11, మత్తకోకిల 11, తరలం 12, శార్దూలం 13, మత్తేభం 14. ఆటవెలది, తేటగీతులకు నాలుగో గణం మొదటి అక్షరం. ద్విపదకు మూడో గణం మొదటి అక్షరం. కందానికి రెండో, నాలుగో పాదాల్లో మాత్రమే, నాలుగో గణం మొదటి అక్షరం.

యతి చెల్లిందో లేదో ఎలా చూడాలి?

రెండు పరీక్షలు: అచ్చు కలవాలి, హల్లు కలవాలి. ఒకటి కలిసి ఇంకోటి కలవకపోతే యతిభంగం.

అచ్చులు మూడు జట్లు. అ ఆ ఐ ఔ ఒకటి. ఇ ఈ ఋ ఎ ఏ ఒకటి. ఉ ఊ ఒ ఓ ఒకటి. అందుకే పై పద్యంలో చె–చే, వా–వ చెల్లాయి. తూ–తో చెల్లుతుంది, తూ–తా చెల్లదు.

హల్లుల్లో వర్గాక్షరాలు తమలో తాము చెల్లుతాయి: క ఖ గ ఘ, ట ఠ డ ఢ, త థ ద ధ. చ ఛ జ ఝ లతో శ ష స కూడా కలుస్తాయి. ప ఫ బ భ లతో వ కలుస్తుంది. న–ణ, ల–ళ జోడీలు. య, హ లకు అచ్చులతో కూడా మైత్రి ఉంది. అనునాసికాలు (ఙ ఞ ణ న మ) వర్గంతో ఊరికే కలవవు, కానీ సున్న తర్వాత వచ్చిన వర్గాక్షరం తన వర్గపు అనునాసికంతో చెల్లుతుంది ('కందము'లోని ద, న తో). ఇది బిందుయతి.

సంయుక్తాక్షరం వస్తే అందులోని ఏ హల్లుతోనైనా చెల్లించవచ్చు. 'శ్రీ'కి శ తో గానీ ర తో గానీ కుదిరితే చాలు.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది సంధి. యతిస్థానంలో పైకి 'మా' కనిపిస్తుంది, పాదం మొదట 'ఆ' ఉంటుంది. యతి తప్పిందనిపిస్తుంది. ఆ 'మా' అసలు 'రామాజ్ఞ'లోది అయితే, విడదీస్తే రామ + ఆజ్ఞ. పరపదం మొదటి అచ్చు 'ఆ' కాబట్టి యతి చెల్లింది. కవి యతి తప్పాడని రాసేముందు అక్కడ సంధి ఉందేమో తప్పక చూడండి.

ఉత్పలమాల, చంపకమాలల్లో గణాల పేర్లు పూర్తిగా వేరు. చెవికి మాత్రం ఒక్కలాగే ఉన్నాయేం?

మీ చెవి కరెక్టు. ఉత్పలమాల భ ర న భ భ ర వ. చంపకమాల న జ భ జ జ జ ర. పేర్లలో పోలిక లేదు. కానీ ఉత్పలమాల మొదటి గురువును తీసి రెండు లఘువులు పెడితే వచ్చేదే చంపకమాల. మిగతా 19 అక్షరాలూ అచ్చంగా అవే.

తూరుపు కొండపై వెలుగు తోరణమై నిలిచెన్ గదా సఖీ

తూరుపు (భ), కొండపై (ర), వెలుగు (న), తోరణ (భ), మైనిలి (భ), చెన్ గదా (ర), సఖీ (వ). 20 అక్షరాలు, 10వ అక్షరం తో, యతి తూ–తో. ఇప్పుడు 'తూరుపు' తీసి 'తొలకరి' పెట్టండి:

తొలకరి కొండపై వెలుగు తోరణమై నిలిచెన్ గదా సఖీ

ఇది చంపకమాల పాదం, 21 అక్షరాలు. యతి 11వ అక్షరానికి జరిగింది కానీ అక్షరం అదే తో, తొ–తో చెల్లింది. అదే 'పడమటి' అని పెడితే గణాలు సరిగ్గానే ఉంటాయి (పడమటి కూడా లలలల), కానీ ప కి తో కి మైత్రి లేదు. యతిభంగం.

శార్దూలానికి (మ స జ స త త గ), మత్తేభానికి (స భ ర న మ య వ) మధ్య ఉన్నది కూడా ఇదే సంబంధం. నాలుగు వృత్తాల గణాలు బట్టీ పట్టేబదులు రెండే నేర్చుకుని మొదటి గురువును విరుచుకోవడం నయం.

మకుటం చూసి పద్యం చెప్పవచ్చా?

శతకాల్లో, అంటే ప్రతి పద్యం చివర ఒకే మాట (మకుటం) తిరిగివచ్చే చోట, చాలాసార్లు చెప్పవచ్చు. పైన చెప్పిన గురువు–రెండు లఘువుల సంబంధం ఎంత పనికొస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది.

'దాశరథీ కరుణాపయోనిధీ' విడగొట్టండి: గలల గలల గలగ లగ. ఉత్పలమాల చివరి నాలుగు గణాలు అచ్చంగా ఇవే, 11 అక్షరాలు. 20 లోంచి 11 తీస్తే 9, అంటే మకుటంలోని 'దా' సరిగ్గా 10వ అక్షరం, యతిస్థానం. చంపకమాలలో 21 లోంచి 11 తీస్తే 'దా' 11వది, మళ్లీ యతిస్థానమే. అందుకే ఒకే మకుటం రెండు వృత్తాలకూ అతికింది. దానికి మూల్యం ఏమిటంటే, ప్రతి పద్యం నాలుగో పాదం 'దా'తో మైత్రి ఉన్న అక్షరంతోనే మొదలవ్వాలి. దాశరథీ శతకం తెరిచి నాలుగో పాదాల మొదటి అక్షరాలు వరసగా చూడండి, త థ ద ధ లే కనిపిస్తాయి.

'శ్రీకాళహస్తీశ్వరా' గగల గగల గ, శార్దూల మత్తేభాల చివరి ఏడక్షరాలు. 'శ్రీ' శార్దూలంలో 13వది, మత్తేభంలో 14వది. రెండుచోట్లా యతి.

'విశ్వదాభిరామ వినురవేమ' మొత్తం ఒక పాదం: గల, గల, గల, లలల, గల. ఆటవెలది నాలుగో పాదానికి సరిపోయే ఐదు సూర్యగణాలు, వి–వి యతి లోపలే తీరిపోయింది. అంటే వేమన పద్యంలో కవికి మిగిలినవి మూడు పాదాలు. చెప్పదలచుకున్నది ఆ మూడింట్లోనే ముగియాలి. ఆ పద్యాల కరుకుదనానికి ఈ ఇరుకు కూడా ఒక కారణం.

'సుమతీ' లలగ. కందం చివరి గణం గురువుతో ముగియాలన్న నియమం దానితో తీరుతుంది. యతిస్థానం దాని ముందు గణం దగ్గర ఉంది కాబట్టి ఈ మకుటం యతి జోలికి పోదు.

ప్రాస అంటే చివర అక్షరాలు కలవడమేనా?

కాదు. చివర కలిసేది అంత్యప్రాస, అది అలంకారం. ఉంటే బాగుంటుంది, లేకపోయినా పద్యం చెడదు. ఛందస్సులో ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావడం. అచ్చు ఏదైనా ఫరవాలేదు. దాని ముందక్షరం ఒక పాదంలో గురువైతే అన్నింట్లో గురువు, లఘువైతే అన్నింట్లో లఘువు. ప్రాసాక్షరం ముందు సున్న ఉంటే నాలుగు పాదాల్లోనూ సున్న ఉండాలి. ద్విత్వమైతే నాలుగింటా అదే ద్విత్వం, సంయుక్తమైతే అదే సంయుక్తం.

వృత్తాలకు, కందానికి, ద్విపదకు ప్రాస తప్పనిసరి. ప్రాస లేని ద్విపద మంజరి. ఆటవెలది, తేటగీతి, సీసాలకు ప్రాస అక్కర్లేదు.

ప్రాసయతి అంటే ఏమిటి?

యతి బదులు ప్రాస చెల్లించడం. 'కోడి కూసినంత వాడ లేచె' ఐదు సూర్యగణాలు. కో–వా యతి కుదరదు. కానీ కోడి, వాడ చూడండి: రెండో అక్షరం రెండుచోట్లా డ, వాటి ముందక్షరాలు రెండూ గురువులు. పాదం నిలబడింది. ఈ సదుపాయం ఆటవెలది, తేటగీతి, సీసాల్లో ఉంది. కందంలో, వృత్తాల్లో లేదు.

కందం ఎందుకు అంత కష్టం అంటారు?

'కందం రాసినవాడే కవి' అన్న మాట ఊరికే రాలేదు. నియమాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. మొదటి రెండు పాదాలు కలిపి ఎనిమిది గణాలు (3 + 5), తర్వాతి రెండూ అంతే. ఒక్కో సగంలో: బేసి గణం (1, 3, 5, 7) జగణం కాకూడదు. ఆరో గణం జగణమో నలమో మాత్రమే కావాలి. ఎనిమిదో గణం గురువుతో ముగియాలి, అంటే గగ లేదా లలగ. ప్రాస తప్పదు, ప్రాసయతి పనికిరాదు.

పలుకున తీయదనంబును
తలపున మంచితనముగల తత్త్వజ్ఞుండై
కలిమిని లేమిని సమముగ
దలచెడి నరుడే ఘనుండు ధరణీతలమున్

మొదటి సగం: పలుకున (నల), తీయద (భ), నంబును (భ), తలపున (నల), మంచిత (భ), నముగల (నల, ఆరోది), తత్త్వ (గగ), జ్ఞుండై (గగ). రెండో సగం: కలిమిని (నల), లేమిని (భ), సమముగ (నల); దలచెడి (నల), నరుడే (స), ఘనుండు (జ, ఆరోది), ధరణీ (స), తలమున్ (స). ప్రాస ల, నాలుగు పాదాలూ లఘువుతో మొదలు. యతి రెండో పాదంలో త–త, నాలుగో పాదంలో ద–ధ.

ఇప్పుడు 'ఘనుండు' బదులు 'ఘనుడు' అని టైపు చేయండి. ఒక్క సున్న పోయింది, ఒక మాత్ర తగ్గింది. ఆరో గణం 'ఘనుడుధ' (నల) అవుతుంది, పైకి బాగానే ఉంది. ఏడోది 'రణీత', జగణం, బేసిచోట నిషిద్ధం. ఎనిమిదోది 'లమున్', మూడే మాత్రలు. యతిస్థానంలోకి 'ర' వచ్చింది. ఒక సున్నకు మూడు దోషాలు. కందంలో తప్పు కనిపించిన చోటే పుట్టిందనుకోకండి, దాని ముందు గణాన్ని చూడండి.

పద్యంలో గణం తప్పింది. కవి తప్పా, అచ్చు తప్పా?

ప్రాచీన కవి పద్యమైతే ముందు మీ ప్రతినే అనుమానించండి. ఇంటర్నెట్‌లో తిరిగే పద్యాల్లో తప్పులు ఎక్కువగా నాలుగు రకాలు.

ఒకటి, అరసున్న, నిండు సున్న కలిసిపోవడం. గజేంద్రమోక్షంలోని 'కలడు కలండనెడివాడు కలడో లేడో' పాదంలో 'కలడు' మూడు లఘువులు, 'కలం' లగ. ఒకే పాదంలో కవి రెండు రూపాలూ కావాలనే వాడుకున్నాడు. 'కలడుక' నల, 'లండనె' భ, 'డివాడు' జ, 'కలడో' స, 'లేడో' గగ. రెండింటినీ ఒకేలా రాస్తే కందం కూలుతుంది.

రెండు, హ్రస్వదీర్ఘాలు నేటి వాడుకకు మార్చేయడం. పై ఆటవెలదిలో 'నిండ'ను 'నిండా' అని సరిదిద్దితే గగ అవుతుంది, అది సూర్యగణం కాదు.

మూడు, చివరి 'న్' రాలిపోవడం. వృత్తం పాదాంతంలో గురువు కావాలి. అది లేకపోతే చాలాసార్లు మాయమైంది నకారప్పొల్లే.

నాలుగు, అర్థం కావాలని సంధులు విడదీసి అచ్చువేయడం. 'అతడింటికి' ఐదక్షరాలు: అ, త, డిం, టి, కి. 'అతడు ఇంటికి' ఆరు. వృత్తంలో ఒక అక్షరం పెరిగిందంటే ముందు ఈ పని ఎక్కడ జరిగిందో చూడండి.

సీసపద్యం పన్నెండు పాదాలా?

అచ్చులో అలా కనిపిస్తుంది. సీసానికి నాలుగు పెద్ద పాదాలు, ఒక్కోదానిలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. పాదం పొడుగు కాబట్టి రెండు వరుసలుగా వేస్తారు: మొదటి వరుసలో నాలుగు ఇంద్రులు, రెండోదానిలో రెండు ఇంద్రులు రెండు సూర్యులు. కింద తేటగీతి గానీ ఆటవెలది గానీ తప్పనిసరి. అది వేరే పద్యం కాదు, సీసంలో భాగమే.

పాలకడలిమీద పడక వేసినవాని
సిరితోడ నవ్వుల చెలగువాని

పాలక (భ), డలిమీద (సల), పడకవే (నగ), సినవాని (సల). సిరితోడ (సల), నవ్వుల (భ), చెలగు (లలల), వాని (గల). ఒక్కో వరుసలో మొదటి గణానికి మూడో గణంతో యతి: పా–ప, సి–చె. ఈ రెండోది గమనించండి, స కి చ తో, ఇ కి ఎ తో మైత్రి.

గేయానికి, వచన కవితకు గణాలు చూడాలా?

గేయానికి మాత్రలు చూడాలి. మూడు మాత్రల నడక త్రిశ్రం, నాలుగు చతురశ్రం, ఐదు ఖండం, ఏడు (3 + 4) మిశ్రం. గురజాడ 1910లో తెచ్చిన ముత్యాలసరం మిశ్రగతి: 'చిన్న ఇంటికి కొత్త దీపం' లాంటి పాదంలో చిన్న 3, ఇంటికి 4, కొత్త 3, దీపం 4, మొత్తం 14 మాత్రలు. చివరి పాదం సాధారణంగా పొట్టిది. మత్తకోకిల కూడా ఇదే నడక: గలగలల గలగలల గలగలల గలగ, అంటే 7, 7, 7, 5. వృత్తమైనా పాటలాగా వినిపించడానికి కారణం అదే.

వచన కవితలో గణాలు వెతికి లాభం లేదు. పంక్తి ఎక్కడ విరిగింది, విరిచిన చోట వాక్యం ముగిసిందా కొనసాగిందా, ఏ మాట ఎన్నిసార్లు తిరిగి వచ్చింది, క్రియ చివరికి వచ్చిందా ముందుకు దూకిందా అన్నవి చూడండి.

గణాలు, యతిప్రాసలు రాసేశాక ఇంకేం రాయాలి?

పరీక్షకైతే గురులఘువులు, గణాలు, యతి, పద్యం పేరు చాలు. విశ్లేషణకైతే అసలు పని అప్పుడే మొదలు. వాక్యాన్ని పాదాల మీద పరిచి చూడండి. పై కందంలో ఒకటే వాక్యం నాలుగు పాదాలూ నడిచింది, 'నరుడే' అన్న కర్త నాలుగో పాదం దాకా రాలేదు. అంతవరకూ విశేషణాలే. వినేవాడు ఎవరి గురించో అని మూడు పాదాలు ఎదురుచూస్తాడు. ఆటవెలదిలో అలా కాదు, మొదటి రెండు పాదాలు విడివిడి బొమ్మలు, మూడో నాలుగో పాదాలు కలిసి ఒక మాట. సరిపాదం పొట్టిది కాబట్టి ప్రతి రెండు పాదాలకూ ఒక తూగు వస్తుంది, సామెతలాంటి మాట ఆ తూగులో బాగా కూర్చుంటుంది.

యతిస్థానంలో ఏ మాట పడిందో కూడా రాయండి. అది ముఖ్యమైన మాటేనా, యతి కోసం ఇరికించిన పూరణా? 'గదా', 'సఖీ' లాంటివి పాదం చివర వరసగా కనిపిస్తే (మా ఉత్పలమాల పాదంలోలాగే) కవికి మాటలు అయిపోయాయి, గణాలు ఇంకా మిగిలాయి అని అర్థం.

ఛందస్సు చూసే సాఫ్ట్‌వేర్లను నమ్మవచ్చా?

గురులఘువులు, వృత్తాల గణాలు బాగానే చెబుతాయి. తడబడేది మూడు చోట్ల: విడి పదమా సమాసమా అన్నచోట, తేలిక రేఫ దగ్గర, సంధిలో దాగిన అచ్చుయతి దగ్గర. 'యతి తప్పు' అని ఎర్రగా చూపిస్తే ఆ మాటను మీరే విడదీసి చూడండి. పద్యాన్ని అందులో వేసేముందు వరుస సంఖ్యలు, పాదాంతంలోని చుక్కలు తీసేయండి, పొట్టి పొడుగు పాదాలను సరైన చోట విరవండి. పాదవిభజన తప్పితే అది చెప్పే మిగతా ఏదీ పనికిరాదు.